పిచింగ్ నేర్చుకునే ఆడపిల్లల భుజాలు: సాఫ్ట్‌బాల్ గురించి హైదరాబాద్ తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: సాఫ్ట్‌బాల్‌లో బంతిని కింది నుంచే వేస్తారు కదా, దానివల్ల చేతికి గాయం ఎలా అవుతుంది?

హైదరాబాద్‌లో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. చేయి తల మీదుగా కాక కింది నుంచి వస్తుంది కాబట్టి అది శరీరానికి సహజమైన కదలికేనని, అందువల్ల పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి, ఎన్ని బంతులైనా వేయగలదని తల్లిదండ్రులే కాదు, ఏళ్ల అనుభవమున్న వ్యాయామ ఉపాధ్యాయులు కూడా నమ్ముతారు. నేను చూసిన గాయాల్లో చాలా వాటికి ఈ నమ్మకమే మూలం.

విండ్‌మిల్ పిచింగ్‌లో చేయి భుజం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి, తుంటి పక్కకు వచ్చేసరికి బంతిని వదులుతుంది. నీళ్లు నింపిన బకెట్‌ను పట్టుకుని గిరగిరా తిప్పితే చేతిని బయటికి గుంజే బలం ఎలా తెలుస్తుందో, ఆ చుట్టు చివరి భాగంలో భుజం కీలు మీద అలాంటి గుంజుడే పడుతుంది. పిచర్లను వేగవంతమైన కెమెరాలతో చిత్రించి లెక్కగట్టిన పరిశోధనల్లో ఈ బలం పిచర్ శరీర బరువుకు దగ్గరగా ఉన్నట్లు తేలింది. అంటే 40 కిలోల అమ్మాయి వేసే ప్రతి వేగవంతమైన బంతికీ ఆమె భుజం దాదాపు ఆమె బరువంత గుంజుడును ఓర్చుకోవాలి. ఆ గుంజుడుకు ఎదురు నిలిచి కీలును పట్టి ఉంచే బాధ్యత ఎక్కువగా జబ్బ ముందు భాగంలోని బైసెప్స్ కండరం మీద పడుతుంది. తల మీదుగా విసిరేటప్పటి కంటే విండ్‌మిల్ పిచింగ్‌లోనే ఆ కండరం ఎక్కువగా పని చేస్తుందని కండరాల విద్యుత్ స్పందనలను కొలిచినవారు చూపించారు. పిచర్లు నొప్పి అన్నప్పుడు భుజం వెనుక కాకుండా సరిగ్గా ముందు వైపున వేలు పెట్టి చూపించడానికి కారణం అదే.

ప్రశ్న: ఏయే భాగాలు ఎక్కువగా దెబ్బతింటాయి?

అన్నిటికంటే ముందు భుజం ముందు భాగం, అందులోనూ బైసెప్స్ కండరం ఎముకకు అతుక్కునే నరంలాంటి తాడు. దాని తర్వాత మోచేయి, ముంజేయి వస్తాయి. ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే అల్నా ఎముక నడిమి భాగంలో సన్నని పగులు రావడం సాఫ్ట్‌బాల్ పిచర్లలో ప్రత్యేకంగా కనిపించే గాయం. అది దెబ్బ తగిలి వచ్చేది కాదు, ఒకే మెలిపెట్టుడు వందల సార్లు పడడం వల్ల వచ్చేది. నడుము నొప్పిని చాలామంది లెక్కలోకి తీసుకోరు గాని, బంతి వదిలే క్షణంలో నడుము మెలితిరిగి ఆగుతుంది కాబట్టి అక్కడ కూడా ఇటువంటి పగుళ్లు రావచ్చు. ముందుకు వేసే కాలి మోకాలు, వెనుక ఈడ్చే కాలి మడమ, బొటనవేలు కూడా నలుగుతాయి.

పెరిగే వయసులో ఇంకో విషయం ఉంది. ఎముక చివర్లలో, అది పొడవు పెరిగే చోట, మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాల కంటే, తాళ్ల కంటే ఆ పొరే బలహీనం. పెద్దవాళ్లకు కండరం పట్టేసేంత భారం పిల్లలకు ఆ పొరను దెబ్బతీయగలదు. అందుకే పన్నెండేళ్ల పిల్ల భుజం నొప్పిని పాతికేళ్ల క్రీడాకారిణి నొప్పితో సమానంగా చూడకూడదు.

ప్రశ్న: సరైన పిచింగ్ ఎలా ఉండాలి? మైదానంలో ఏం చూసి గుర్తుపట్టాలి?

మొదట మైదానంలో సున్నంతో ఒక గీత గీయండి. పిచర్ నిలబడే పిచింగ్ ప్లేటు మధ్య నుంచి బ్యాటర్ దగ్గర ఉండే హోమ్ ప్లేటు మధ్య వరకు నేరుగా గీసిన ఆ తెల్లని గీతే మీ మొదటి పరికరం. పిచర్ ముందు కాలు ఆ గీత మీదనో, దాని పక్కనే ఆనుకునో పడాలి. కుడిచేతి పిచర్ ఎడమ పాదం గీత దాటి కుడి వైపుకు పడితే ఆమె తుంటి దారికి అడ్డు వస్తుంది, అప్పుడు చేయి తుంటిని చుట్టి రావాల్సి వస్తుంది. ఎడమ వైపుకు బాగా దూరంగా పడితే శరీరం ముందే తెరుచుకుని, భారమంతా భుజం ఒక్కటే మోస్తుంది. మొరం నేల మీద పాదముద్రలు చక్కగా పడతాయి. పది బంతుల తర్వాత పిచర్‌ను పక్కకు పిలిచి, ఆ ముద్రలన్నీ ఒకే చోట ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అని ఆమెకే చూపించండి. నేను గంటసేపు చెప్పినా అర్థం కానిది ఆ ముద్రలను ఒక్కసారి చూస్తే అర్థమైన పిల్లలు ఉన్నారు.

చేయి తిరిగే చుట్టును గడియారంలా ఊహించుకుంటే సులభం. పిచర్‌ను పక్క నుంచి, ఆమె కుడిచేతి వైపు నిలబడి చూడండి. చేయి కింద ఉన్నప్పుడు ఆరు గంటలు, ముందుకు చాచినప్పుడు మూడు, తల పైన పన్నెండు, వెనుక దిగేటప్పుడు తొమ్మిది, మళ్లీ ఆరు దగ్గర బంతి విడుదల. మూడు నుంచి పన్నెండుకు వెళ్లేటప్పుడు చేయి వదులుగా, చెవికి దగ్గరగా పోవాలి, ఈలోగా శరీరం కుడిచేతి పిచర్లకు వారి కుడి పక్కన ఉండే మూడో బేస్ వైపు తెరుచుకోవాలి. పన్నెండు దాటాక ముందు పాదం నేలకు ఆనాలి. ఆ పాదం పూర్తిగా బ్యాటర్ వైపుకు కాకుండా కొంచెం పక్కకు తిరిగి ఉండాలి, మోకాలు స్వల్పంగా వంగినా గట్టిగా నిలబడాలి. పరిగెత్తే బండికి బ్రేకు పడితే లోపల ఉన్నవాళ్లు ముందుకు తూలినట్టు, ఆ కాలు ఆగడం వల్లే శరీరంలోని వేగం తుంటి గుండా భుజానికి, భుజం నుంచి చేతికి అందుతుంది. ముందు మోకాలు మెత్తగా కుంగిపోయే పిచర్‌కు ఆ వేగం అందదు. అప్పుడు ఆమె లోటును చేతితో పూడ్చుకోవాలని చూస్తుంది, గాయం అక్కడ మొదలవుతుంది.

తొమ్మిది నుంచి ఆరు వరకు ఉన్న భాగం అన్నిటికంటే ముఖ్యం. కర్రలా బిగించిన చేయి పనికిరాదు. మోచేయి కొద్దిగా వంగి ఉండాలి, మోచేయి పై భాగం ముందుగా పక్కటెముకల దగ్గరికి రావాలి, దాని వెనుక ముంజేయి కొరడా కొసలా రావాలి. ముంజేయి లోపలి వైపు తుంటిని తేలికగా రాసుకుంటూ వెళ్లడం తప్పు కాదు, అదే మంచి గుర్తు. ఆ తాకుడు వద్దని చేతిని శరీరానికి దూరంగా తిప్పే పిల్లలను నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తాను. ఇక నడుము పై భాగం బంతి వదిలే క్షణంలో నిటారుగా ఉండాలి. ముందుకు వంగి వేసే పిల్లకు బంతి వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది గాని, ఆమె భుజం, నడుము రెండూ దానికి మూల్యం చెల్లిస్తాయి.

ఇవన్నీ ఒకే రోజు సరిచేయాలని చూడకండి. ఒక వారం పాదం, మరో వారం మోకాలు, ఆ తర్వాత చేయి. ఫోనులో స్లో మోషన్‌లో తీసిన పది సెకన్ల వీడియో ఈ పనికి బాగా సరిపోతుంది.

ప్రశ్న: బంతి వదిలాక మోచేయి ముందుకు చూపేలా చేతిని ఎత్తమని చెబుతారు. అది సరైనదేనా?

చాలాకాలం అందరూ అలాగే నేర్పారు, నేను కూడా కొన్నేళ్లు అలాగే నేర్పాను. మణికట్టును గట్టిగా పైకి విరిచి, మోచేతిని బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్ వైపుకు చూపిస్తూ ముగించమనేవాళ్లం. అత్యుత్తమ పిచర్ల వీడియోలను నెమ్మదిగా చూస్తే వారి చేయి అలా ఆగడం లేదని, బంతి వదిలే సమయంలో ముంజేయి సహజంగా లోపలికి తిరిగి, ఆ తర్వాత చేయి వదులుగా శరీరానికి అడ్డంగానో పైకో పోతుందని తెలుస్తుంది. బలవంతంగా ఎత్తి ఆపే చేయి, వేగంగా పోతున్న దాన్ని అకస్మాత్తుగా పట్టి ఆపినట్టే అవుతుంది. ఆ ఆపుడు భారం మోచేతి మీద, భుజం మీద పడుతుంది. ముగింపును నేర్పకండి, ముందుదంతా సరిగ్గా ఉంటే ముగింపు దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇప్పటివరకు క్రికెట్ ఆడింది. ఆ అలవాటు అడ్డమవుతుందా?

అడ్డం కాదు, కాని ఒక తేడా గుర్తుంచుకోవాలి. మహిళల క్రికెట్ బంతి 140 నుంచి 151 గ్రాములు ఉంటే, 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న సాఫ్ట్‌బాల్ సుమారు 178 నుంచి 198 గ్రాములు ఉంటుంది. అంతకంటే పెద్దది, బరువైనది, చిన్న అరచేతిలో ఇమడనిది. పట్టు కుదరక వేళ్లతో బిగించి పట్టుకునే పిల్లకు ముంజేయి త్వరగా అలసిపోతుంది. పదేళ్లలోపు పిల్లలకు 11 అంగుళాల బంతి ఇవ్వండి.

దూరం విషయంలోనూ తొందర వద్దు. అమెరికా యువ సాఫ్ట్‌బాల్‌లో పదేళ్లలోపు వారు 35 అడుగుల నుంచి, పన్నెండేళ్లలోపు వారు 40 అడుగుల నుంచి వేస్తారు. పెద్ద అమ్మాయిలకు, మహిళలకు 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. మన దగ్గర చాలా బడుల్లో ఏ వయసు పిల్లకైనా ఒకే గీత గీసి నిలబెడతారు. ఆరో తరగతి పిల్ల 43 అడుగుల నుంచి హోమ్ ప్లేటు దాకా బంతిని చేర్చాలంటే ఒళ్లంతా విదిలించి వేయాల్సిందే. ఆ విదిలింపులు రేపటికి అలవాట్లవుతాయి.

ప్రశ్న: రోజుకు ఎన్ని బంతులు వేయవచ్చు?

అమెరికన్ ఆర్థోపెడిక్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు గాయాల నివారణ కోసం చేసిన సూచనలను నేను పాటిస్తాను. వాటి ప్రకారం పది నుంచి పన్నెండేళ్ల వారికి ఒక మ్యాచ్‌కు 65, ఒక రోజుకు 95. పదమూడు, పద్నాలుగేళ్ల వారికి మ్యాచ్‌కు 80, రోజుకు 115. పదిహేను దాటిన వారికి మ్యాచ్‌కు 100, రోజుకు 140. ఇవి వరుసగా రెండు రోజుల వరకే వర్తిస్తాయి. మూడో రోజు కూడా ఆట ఉంటే పన్నెండేళ్లలోపు వారు ఒక్క బంతి కూడా వేయకూడదు, పెద్దవారు కూడా తగ్గించాలి. ఇవి చేరుకోవాల్సిన లక్ష్యాలు కావని, దాటకూడని గీతలు మాత్రమేనని దయచేసి గుర్తుంచుకోండి.

ఏడు ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌ను ఒక్కతే పూర్తి చేస్తే సుమారు 100 బంతులు అవుతాయి. ఉదయం ఒక మ్యాచ్, సాయంత్రం ఒక మ్యాచ్ ఆడిస్తే ఏ వయసు పిల్లకైనా గీత దాటిపోతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. మ్యాచ్‌లో వేసిన బంతులనే లెక్కిస్తారు. మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో వేసిన 30, ప్రతి ఇన్నింగ్స్ ముందు వేసినవి, పిచింగ్ తర్వాత రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడి తల మీదుగా విసిరినవి ఎవరి పుస్తకంలోనూ ఉండవు. భుజానికి మాత్రం అవన్నీ లెక్కే.

నా దగ్గర ఒక పొడుగు రూళ్ల నోటు పుస్తకం ఉంటుంది. ఒక్కో పిచర్‌కు ఒక పేజీ. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అంటే అయిదు బంతులు. స్కోరర్ పక్కన కూర్చునే తల్లో, ఆడని పిల్లో ఆ గీతలు గీస్తారు. ఈ పుస్తకం ఎందుకు మొదలైందో చెప్పాలి. ఒక ఎంపిక పోటీల్లో పదమూడేళ్ల మా పిచర్ చేత రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు వేయించాను. ఎన్ని బంతులో నాకు తెలియదు, ఎందుకంటే నేను లెక్కపెట్టలేదు. గెలిచాం. సోమవారం ఉదయం వాళ్ల అమ్మ ఫోన్ చేసి, పాప జడ వేసుకోవడానికి చేయి ఎత్తలేకపోతోందని, దువ్వెన ఎడమ చేతిలో పట్టుకుని ఏడుస్తోందని చెప్పింది. ఆ పిల్ల మళ్లీ పిచింగ్ సర్కిల్‌లోకి రావడానికి నాలుగు నెలలు పట్టింది. తప్పు నాది. ఆ వారమే నోటు పుస్తకం కొన్నాను.

ప్రశ్న: జపాన్ పిచర్ యుకికో ఉయెనో ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసింది కదా, మా అమ్మాయి ఎందుకు వేయకూడదు?

ఆమె వేసిన మాట నిజమే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆగస్టు 20న అమెరికాతో, ఆస్ట్రేలియాతో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, రెండూ అదనపు ఇన్నింగ్స్‌లకు వెళ్లినా, పూర్తిగా వేసింది. మరుసటి రోజు ఫైనల్‌లో మళ్లీ అమెరికాపై వేసి 3–1తో జపాన్‌కు స్వర్ణం తెచ్చింది. ఆ ఆటను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కాని అప్పటికి ఆమె వయసు 26. ఎముకల పెరుగుదల ఎప్పుడో పూర్తయి, ఏళ్ల తరబడి వృత్తి స్థాయిలో సాధన చేసిన శరీరం ఆమెది. వయసు 39 వచ్చాక 2021లో జరిగిన టోక్యో క్రీడల్లోనూ ఆమె స్వర్ణం గెలిచింది. మీ అమ్మాయికి ఆమెను చూపించాల్సిందే. అయితే రెండు రోజుల 413 బంతుల కంటే, 39 ఏళ్ల వయసులోనూ పిచింగ్ చేయగలిగిన ఆ భుజాన్ని చూపించండి.

ప్రశ్న: జట్టులో పిచర్ ఒక్కతే ఉంది. ఆమెను ఆపితే మ్యాచ్ పోతుంది. ఏం చేయాలి?

మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ స్కూల్ గేమ్స్ పోటీలు ఒకదాని వెంట ఒకటి, రెండు మూడు రోజుల్లోనే ముగిసిపోతాయి కాబట్టి ఇది నిజమైన ఇబ్బందే. దీనికి పరిష్కారం పోటీ రోజున దొరకదు, జూన్‌లో బడి తెరిచినప్పుడు దొరుకుతుంది. ఆ నెలలోనే జట్టులో కనీసం ముగ్గురికి పిచింగ్ నేర్పడం మొదలుపెట్టండి. రెండో పిచర్ వేగంగా వేయనక్కర్లేదు. స్ట్రైక్ జోన్‌లోకి, అంటే హోమ్ ప్లేటు మీదుగా బ్యాటర్ కొట్టగలిగే ఎత్తులోకి, బంతి పంపగలిగితే చాలు, మిగతాది ఫీల్డర్లు చూసుకుంటారు. బలహీనమైన జట్టుతో ఆడేటప్పుడు మొదటి నుంచి రెండో పిచర్‌కే ఇవ్వండి. ఆధిక్యంలో ఉన్నప్పుడు మొదటి పిచర్‌ను బయటికి తీసుకురావడానికి సంకోచించకండి, అది ఆమెకు అవమానం కాదని ఆమెకు ముందే చెప్పి ఉంచండి.

ఒక మ్యాచ్ పోయినా ఫరవాలేదని నేను చెబితే కొందరు ఉపాధ్యాయులు నొచ్చుకుంటారు. వాళ్ల మీద బడి నుంచి ఒత్తిడి ఉంటుంది, అది నాకు తెలుసు. అయినా ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

ప్రశ్న: పరీక్షలు అయ్యాక వేసవి శిబిరంలో చేర్పించాలనుకుంటున్నాం. వెంటనే మొదలుపెట్టవచ్చా?

మన ఊళ్లో గాయాలకు ఇదే అసలు రుతువు. సంక్రాంతి తర్వాత పిల్లలు చదువులో పడతారు, మార్చి దాకా బంతి ముట్టుకోరు. పరీక్షలు ముగిసిన వారానికే శిబిరం మొదలవుతుంది, అక్కడ ఉత్సాహం కొద్దీ మొదటి రోజే 80, 100 బంతులు వేసేస్తారు. కండరం రెండు మూడు వారాల్లో బలం పుంజుకుంటుంది గాని, ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టే తాడుకు అంతకంటే ఎక్కువ సమయం కావాలి. భుజం ఒక్క బంతికి పాడవదు. ఏమీ లేని స్థితి నుంచి ఒక్కసారిగా ఎక్కువకు దూకినప్పుడు పాడవుతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. మొదటి వారం, రోజు విడిచి రోజు, సగం దూరం నుంచి, సగం బలంతో 25 లేదా 30 బంతులు. తర్వాత ప్రతి వారం పది చొప్పున పెంచుతూ, మూడో వారానికి పూర్తి దూరం, అయిదో వారానికి పూర్తి బలం. ఏ వారమైనా నొప్పి కనిపిస్తే మునుపటి వారానికి వెనక్కి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి సాధన ఉదయం ఎనిమిదిలోపు ముగియాలి. ఒళ్లు వేడెక్కి నీరసపడిన పిల్ల కాళ్లను వాడడం మానేసి చేతితోనే వేస్తుంది.

ఏడాదిలో రెండు మూడు నెలలు పిచింగ్‌కు పూర్తి సెలవు ఉండాలి. పరీక్షల కాలం మనకు ఆ సెలవును దానంతట అదే ఇస్తోంది. దాన్ని దిగులుగా చూడకండి. అయితే ఆ నెలల్లో రోజూ ఇరవై నిమిషాల నడక, తాడాట మాత్రం మానకూడదు.

ప్రశ్న: రైజ్ బాల్, కర్వ్ ఎప్పుడు నేర్పాలి?

వేగంగా వేసే మామూలు బంతి పదింటిలో ఏడు స్ట్రైక్ జోన్‌లో పడేవరకు ఏదీ వద్దు. ఆ తర్వాత నేర్పాల్సింది చేంజప్, ఎందుకంటే అదే చేతి కదలికతో బంతిని నెమ్మదిగా పంపడం బ్యాటర్‌ను ఇబ్బంది పెడుతుంది గాని భుజాన్ని ఇబ్బంది పెట్టదు. రైజ్ బాల్, కర్వ్ లాంటి మెలిపెట్టి వేసే బంతులకు పద్నాలుగు దాటేవరకు ఆగమని నా సలహా.

ప్రశ్న: భుజం బలపడడానికి ఏ వ్యాయామాలు చేయించాలి?

ఈ ప్రశ్నకు నా జవాబు చాలామందికి వింతగా ఉంటుంది: మొదట పిరుదులు, నడుము. పిచర్ బలం కాళ్ల నుంచి మొదలై పైకి వస్తుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుమును పైకెత్తే బ్రిడ్జ్, ఒంటికాలిపై నెమ్మదిగా కూర్చుని లేవడం, ప్లాంక్, పక్కకు తిరిగి చేసే ప్లాంక్ వారానికి మూడు రోజులు చాలు. ఒంటికాలిపై కూర్చునేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగిపోతుంటే ఆ పిల్ల పిచింగ్‌లోనూ ముందు కాలు నిలబడదని ముందే తెలిసిపోతుంది.

భుజానికి రబ్బరు బ్యాండు చాలు. మోచేతిని పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి, లోపలికి తిప్పడం, రెండు చేతులతో బ్యాండును ఛాతీ వైపుకు లాగుతూ వీపు రెక్కలను దగ్గరికి చేర్చడం ముఖ్యమైనవి. వార్మప్‌కు ముందు ఒళ్లు వెచ్చబడేలా పరుగు, ఆ తర్వాతే బంతి. చల్లని కండరాలతో నిలబడి ఒక్కసారిగా చేతిని గిరగిరా తిప్పడం వార్మప్ కాదు.

ప్రశ్న: అలసటకు, గాయానికి తేడా ఎలా తెలుస్తుంది?

ఆట మరుసటి రోజు కండరమంతా బరువుగా, నొక్కితే తీపుగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే అది అలసట. వేలి కొసతో ఫలానా చోటని చూపించగలిగే నొప్పి, బంతి వేస్తున్నకొద్దీ పెరిగే నొప్పి, రాత్రి నిద్రలో మెలకువ తెప్పించే సలుపు, చేతి వేళ్లలో తిమ్మిరి, ఎముక మీద నొక్కితే ఉలిక్కిపడేంత నొప్పి, వీటిలో ఏది ఉన్నా పిచింగ్ ఆపి వైద్యుడికి చూపించాలి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లో ఎముకల విభాగాలు ఉన్నాయి. వెళ్లినప్పుడు పాప సాఫ్ట్‌బాల్ పిచర్ అని, రోజుకు ఎన్ని బంతులు వేస్తుందో స్పష్టంగా చెప్పండి, వీలైతే నోటు పుస్తకం తీసుకెళ్లండి. ఈ ఆట మన దగ్గర అంతగా తెలియనిది కాబట్టి వైద్యులకు ఆ లెక్క చాలా ఉపయోగపడుతుంది. సన్నని పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్లీ ఆటలో దించకండి.

బామ్ రాసి, మాత్ర వేసి మ్యాచ్ ఆడించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. నొప్పి పోదు, నొప్పి చెప్పే మాట మాత్రం వినబడకుండా పోతుంది. పుత్తూరు కట్టు గురించి కూడా తరచుగా అడుగుతారు. పెద్దల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కాని పెరిగే ఎముక చివరి పొర దెబ్బతిన్నదో లేదో తెలుసుకోకుండా బిగించి కట్టడం, గట్టిగా మర్దన చేయడం ప్రమాదకరం. ముందు వైద్యుడు చూడాలి.

ప్రశ్న: తిండికీ గాయాలకూ సంబంధం ఉందా?

చాలా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఏ జట్టులోనైనా సగం మందికి అది ఉండే అవకాశం ఉంది. నాలుగో ఇన్నింగ్స్‌కే వాడిపోయే పిల్లను బద్ధకమని తిట్టే ముందు ఆమెకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. సాధనకు ముందు ఏమీ తినకుండా రావడం మన పిల్లల్లో మామూలు. ఒక అరటిపండో, రెండు పల్లిపట్టీలో తిని రావాలి. సాధన అయ్యాక ఉడికించిన గుడ్డు, రాగి జావ, పప్పు, ఆకుకూర, పెరుగు సరిపోతాయి, ఖరీదైన పొడులు అక్కర్లేదు.

నెలసరి మూడు నెలలకు మించి ఆగిపోతే దాన్ని కఠోర సాధనకు గుర్తుగా భావించకండి. శరీరానికి కావలసినంత తిండి అందనప్పుడు అలా జరుగుతుంది, అప్పుడు ఎముకలు పలచబడి పగుళ్లకు దారి తీస్తాయి. ఈ విషయం పురుష శిక్షకుడితో మాట్లాడడానికి పిల్ల ఇబ్బంది పడుతుంది కాబట్టి జట్టు వెంట ఒక మహిళ తప్పక ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి నొప్పి ఉన్నా చెప్పదు. ఎలా కనిపెట్టాలి?

పిచర్ స్థానం పోతుందనే భయంతో చాలామంది దాచిపెడతారు. అందుకే నోటిని కాకుండా చేతులను గమనించండి. ఎప్పుడూ కుడి భుజానికి వేసుకునే బడి సంచి ఎడమ భుజానికి మారిందా? స్నానం చేశాక తల తుడుచుకోవడానికి మెడను వంచుతోందా, చేయిని ఎత్తుతోందా? పై అరలోని డబ్బాను ఏ చేతితో అందుకుంటోంది? జడ తానే వేసుకునే పిల్ల ఉన్నట్టుండి అమ్మను వేయమంటోందా? మైదానంలోనైతే బంతులు వరుసగా పైకి లేస్తున్నాయా, ప్రతి బంతి తర్వాత చేతిని విదిలిస్తోందా, మాటిమాటికి జబ్బ ముందు భాగాన్ని నొక్కుకుంటోందా చూడండి.

వీటిలో ఏదైనా కనిపిస్తే జట్టు అందరి ముందు అడగకండి. ఇంటికి వెళ్లే దారిలో, బండి మీదనో బస్సులోనో, నొప్పి ఉందా అని కాకుండా ఎక్కడ నొప్పి ఉందని అడగండి. ఆ ప్రశ్నకు పిల్లలు వేలితో చూపిస్తారు.